మా భాషకు స్విచ్ పెట్టిన కథ

మొయినాబాద్‌లో పూలతోటలకు నీళ్లు, ఎరువు, మందు వదిలే యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఆ యంత్రాలకు పనులు చెప్పే బుల్లి కంప్యూటర్ భాషను నేనే రాశాను. ఏ రోజు ఏ పని చేయాలో చెప్పడానికి ‘సోమవారమైతే’ లాంటి ప్రశ్న తప్ప అందులో మరో దారి లేదు. ముడిమ్యాలలో గులాబీతోట చూసుకునే అక్క ఒకామె ఫోన్ చేసింది.

“తమ్మీ, సోమారమైతే నీళ్లు, మంగళారమైతే ఎరువు, బుధారమైతే మందు... ఏడుసార్లు గదే అడుగుడేంది? ఒక్కసారి అడిగితే సాలదా?”

నిజమే కదా అని, ఆ రోజు ఏ వారమో ఒక్కసారి చూసి తగిన పని చేసే ‘స్విచ్’ చేర్చాను. పెద్ద భాషల్లో లాగే, ప్రతి పని చివరా ‘ఆపు’ అని రాయాలని, లేకపోతే దాని కింది పనులు కూడా జరిగిపోతాయని గొప్పగా నియమం పెట్టి, ఆ సంగతి ఆమెకు చెప్పడం మరిచాను. ఆమె స్విచ్‌తో తన పనులు రాసుకుంది; సోమవారం ఒక్కరోజే గులాబీలకు నీళ్లు, ఎరువు, మందు వరసగా పడ్డాయి. పరుగెత్తుకెళ్లాను.

“నువ్వు ‘ఆపు’ అని రాయలేదక్కా,” అన్నాను పండితుడిలా.

ఆమె నాకు చాయ్ పోస్తూ, కప్పు నిండినా ఆపలేదు. సాసరు నిండి, చాయ్ నా ప్యాంటు మీదికి కారింది.

“నువ్వు ఆపమనలే గద తమ్మీ!”

ఆ తడి ప్యాంటుతోనే కూర్చుని, ఒక పని కాగానే యంత్రం తానే ఆగేలా మార్చాను. ఒకేసారి పడ్డ ఎరువుకూ మందుకూ అప్పటికే రెండు వరసల మొక్కలు మాడాయి. మంగళవారం మాత్రం ఎరువొక్కటే పడింది.

“గిది ముందుగాల్నే చెయ్యొచ్చు గద,” అంది అక్క.