దిండు గలీబు ముఖాలు

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు, సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయింది. ఎవరో కర్రతో తలుపు దబదబా కొట్టారు. కిటికీలోంచి చూస్తే నలుగురు. ముఖాలకు దిండు గలీబులు, ఒంటి మీద తిరగేసిన కోట్లు.

ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడను చూసుకునే ఉద్యోగం దొరికి, ఏజాక్స్ నగరం నుంచి న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని ఈ ఐరిష్ వాళ్ళ పల్లెకు అప్పుడప్పుడే వచ్చాను. భయంతో ఏజాక్స్‌లో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను.

"పిచ్చా నీకు? ముందు డోర్ లాక్ చెయ్యి, పోలీసులకి కాల్ చెయ్యి!" అని అరిచారు.

ఈలోపు పెద్దావిడ వాకర్ తోసుకుంటూ వెళ్ళి తలుపు బార్లా తెరిచేసింది. "మమ్మర్లు, అమ్మాయ్! ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. మా తాతల నాటి పండగ ఆట. వాళ్ళెవరో మనమే పోల్చుకోవాలి. పేరు చెబితే ముసుగు తీసి మనం పెట్టే కేకు తింటారు. అందాకా సొంత గొంతుతో మాట్లాడకూడదు."

ఆటైతే ఆటే, నా అనుమానం నాది. పొట్టకు దిండు కట్టుకున్న మనిషి మిగతావాళ్ళతో కలవకుండా పెద్దావిడ వైపే తిరిగి నిలబడింది. పట్నంలో ఉన్న ఆవిడ కూతురు, అమ్మకు మతిమరుపు ముదిరిందనీ, ఇల్లు అమ్మేసి నర్సింగ్ హోమ్‌లో చేర్పించాలనీ వారం వారం పోరుతోంది. పండక్కి రానని చెప్పింది కూడా. ఆ ముసుగులో వచ్చి తల్లి మతిమరుపును పరీక్షిస్తున్నది ఆమే కాదు గదా అనిపించింది.

పెద్దావిడ ఒకడిని దగ్గును బట్టి, ఇంకొకడిని గెంతే తీరును బట్టి పట్టేసింది. మూడోవాడు నవ్వి దొరికిపోయాడు. దిండు పొట్ట మనిషి కాలు కాస్త ఈడుస్తూ డాన్స్ చేసింది. ఆవిడ చాలాసేపు చూసి, "ఏమో, తెలియడం లేదు" అంది. ఆ మనిషి ముసుగుతోనే వెళ్ళిపోయింది.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది. "కన్నకూతుర్నే పోల్చలేదు. ఇంకేం చూడాలి? హోమ్ వాళ్ళతో మాట్లాడేస్తున్నాను."

"పోల్చే ఉంటారండీ..."

"మీ ఉద్యోగం కోసం మీరు అలాగే అంటారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్నటి నుంచి అందరినీ అనుమానించిందాన్ని నేను, ఇప్పుడు దొంగను కూడా నేనే! పెద్దావిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"మంచు బండి మీంచి పడి విరగ్గొట్టుకున్న కాలు నాకు తెలియదటే? పేరు చెబితే ముసుగు తీసేదానివి. తీస్తే మళ్ళీ హోమ్ గొడవే. నా కూతురు నా ఇంట్లో ఒక్క సాయంత్రం గొడవ పెట్టుకోకుండా ఆడింది, అది చాలనుకున్నాను."

అవతలి నుంచి, మమ్మర్లలా మార్చిన కీచు గొంతుతో, "కేకు ముక్క ఇంకా మిగిలిందా?" అని వినిపించింది.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, కేకు తీయమని సైగ చేసింది. కోశాను గానీ నాకు నమ్మకం కుదరలేదు. కూతురి కారు ఆగిన చప్పుడు వినగానే వెళ్ళి, ఆమె చేతిలో హోమ్ కాగితాలేమైనా ఉన్నాయేమోనని కర్టెన్ సందులోంచి చూశాను.