మా వైఫైలో దొంగ

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. నవ్వకండి, అరవై ఆరేళ్లు కూడా కుర్రతనమేనని డెబ్బై దాటాక తెలుస్తుంది. హోసూరు అంచున, మూకండపల్లి దాటాక ఉన్న మా ఇంటికి అప్పుడే వైఫై వచ్చింది. దాని గుట్టు ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని వీధంతా చెప్పుకునేది. (నేను చెప్పుకునేవాణ్ణి, వీధి వినేది.) చెప్పుకోవడానికి కారణం లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు మూకండపల్లి ఫ్యాక్టరీలో కరెంటంతా నా చేతి మీదుగానే నడిచింది. (నడిపింది మా ఎలక్ట్రీషియన్ పెద్దాయన. నేను ఆయన ఎక్కే నిచ్చెన పట్టుకునేవాణ్ణి.) ఆ నిచ్చెన కిందే నాకొక గొప్ప విద్య అబ్బింది. ఏ ఫ్యూజు ఏ షెడ్డుదో గుర్తు పెట్టే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. పెద్దాయన ఒక ఫ్యూజు పీకి చెవి రిక్కించేవాడు. ఏ షెడ్డులోంచి "ఎవుడ్రా అది!" అని కేక వస్తే ఆ ఫ్యూజు ఆ షెడ్డుది. "ఎవురు అరిస్తే వాళ్లదేప్పా, దీనికి చదువెందుకు?" అనేవాడు.

ఆ విద్య మళ్లీ అక్కరకొచ్చింది మా కోడలి వల్ల. బెంగుళూరు కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పని చేసేది. పదకొండింటికి కంప్యూటరు పక్కన పెట్టి ఇద్దరికీ కాఫీ కలిపేది. నా ఫ్యాక్టరీ కథలను కళ్లు తిప్పకుండా వినే మనిషి ఆమె ఒక్కతే. ఒక మధ్యాహ్నం ముఖం వేలాడేసుకుని వచ్చింది. "మామా, నెట్టు మళ్లా నిలిచిపోయింది. నాలుగింటికి పెద్ద మీటింగుండాది. దాంట్లో గూడా కట్టయితే ఇంక దినామూ ఆఫీసుకే రమ్మంటారంట." అంటే తెల్లారకముందే బస్సు, చీకటి పడ్డాక ఇల్లు. ఆమెకు ఒళ్లు హూనం, నాకు కాఫీ హుళక్కి. ఫోనులో చూపించింది. మా వైఫైని వాడుతున్న వస్తువులన్నీ అందులో వరసగా కనిపిస్తున్నాయి. "ఈ రెండూ మనవి కావు మామా. ఇదైతే పొద్దున్నించీ నెట్టంతా లాగేస్తా ఉంది. పాస్‌వర్డు మార్చేస్తే సరిపోతుంది."

"మారిస్తే దొంగ తప్పించుకుంటాడు కదమ్మా! ఇట్లియ్, వాడెవడో అరిపిస్తాను" అని ఫోను లాక్కున్నాను. నాకు అనుమానం పక్కింటి మీసాలప్ప మీద. (అనుమానం కాదు, ఆశ. ఆయన మీసాలంటే నాకు ఎప్పుడూ కుళ్లే.) పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని ఫోను చూసి నవ్వుకుంటాడు. మనిషి అంత నవ్వాలంటే నెట్టు ఊరికే వస్తూ ఉండాలి.

మొదటిదాన్ని బ్లాక్ చేసి చెవి రిక్కించాను. వీధిలో చప్పుడు లేదు. నా ఫోను మోగింది. ఫ్యాక్టరీ నుంచి మా అబ్బాయి. "నాయినా, మన గేటు కాడ నేను పెట్టిన కెమెరా ఆగిపోయింది, ఎవురన్నా దొంగలు వచ్చినారా?" దొంగను నేనే పడుతున్నానని చెప్పి, కెమెరాకు నెట్టు తిరిగి ఇచ్చాను. విద్య పనిచేస్తోంది! ఇక మిగిలింది అసలు దొంగ. గోడ దగ్గరికి పోయి, మీసాలప్పను కళ్లారా చూస్తూ రెండోదాన్ని బ్లాక్ చేశాను. ఆయన నవ్వు ఆగలేదు.

"ఏమప్పా, మా వైఫై తియ్యగా ఉండాదా?" అన్నాను.

"మీదా? అది మీ వాకిలి దాటి ఈడికి వస్తే కదప్పా తీపో చేదో తెలిసేది!"

ఆ మాట ముగియకముందే పెరట్లోంచి కేక. మనిషిది కాదు, మా ఆవు గౌరిది. వెంటనే బకెట్టు దొర్లిన చప్పుడు, ఆ వెనకే మా ఆవిడ గొంతు: "అయ్యో, నాదస్వరం నిలిపింది ఎవురు?"

కొట్టంలోకి పరుగెత్తాను. మేకుకు మా అబ్బాయి పాత ఫోను వేలాడుతోంది. ఈనినప్పటి నుంచి గౌరి పాలు సరిగా చేపడం లేదట, నాదస్వరం వింటే చేపుతోందట. అందుకని పొద్దున్నించి సాయంత్రం దాకా కచేరీ వీడియోలు!

"పాలు పిండేటప్పుడు పెడితే చాలదా?"

"దానికి మాత్రం పొద్దు పోవద్దా?"

"నాకు చెప్పలేదేం?"

"మీరు దొంగ ఎవురని అడిగితిరి గానీ, గౌరి ఏం వింటుందని అడిగినారా?"

నాలుగు కావస్తోంది. ఫోను పాడితే మీటింగు పోతుంది, పాడకపోతే గౌరి ఊరుకోదు. ఆ రోజు నేను కొట్టంలో ముక్కూ నోరూ ఏకం చేసి, ఉత్త నోటితోనే ఊదిన నాదస్వరానికి గౌరి మైమరచి బకెట్టు నింపేసింది. (అర చెంబు. మిగతాది తన్నుల రూపంలో ఇచ్చింది.) గోడ మీద నుంచి మీసాలప్ప వింటున్న సంగతి ఊదడం అయ్యాక గానీ చూడలేదు. "కల్యాణానికి పిలిస్తే వస్తావాప్పా?" అన్నాడు.

కోడలు నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "మీటింగు ఒక్కసారి గూడా నిలవలేదు మామా. ఇంట్లోనే పని చేసుకోమన్నారు. మా మేనేజరు మాత్రం మీ ఇంట్లో పెండ్లా అని అడిగినాడు."

తర్వాత ఆమే పాటలన్నీ ఆ ఫోనులోకి ఎక్కించి, దానికి నెట్టు అక్కర లేకుండా చేసింది. వైఫై లిస్టులో దాని పేరు 'గౌరి' అని మార్చింది. గౌరి ముసలిదయ్యాక మా ఆవిడ తమ్ముడు తళి ఊరి దగ్గర తన తోటకు తోలుకుపోయాడు, ఫోనుతో సహా. ఇప్పుడు లిస్టులో ఆ పేరు వెలవెలబోయి ఉంటుంది. "తీసేద్దామా మామా?" అని కోడలు కాఫీ గ్లాసు అందిస్తూ అడుగుతుంది. ఉండనీయమ్మా అంటాను. ఆమె లోపలికి పోయాక అప్పుడప్పుడు ఆ పేరు మీద బ్లాక్ నొక్కి చెవి రిక్కిస్తాను. తళి దాకా నా చెవులు పోవు. (ఈ మధ్య పెరటి దాకా కూడా పోవడం లేదు.) అయినా కొట్టంలో బుగ్గలు పూరించి పీపీ అని ఊదుతున్న ఆ అరవై ఆరేళ్ల కుర్రవాడు మాత్రం నాకు బాగానే వినిపిస్తాడు.