కల్లాల మలుపులో తెగిన కాల్

మా ఆఫీసు కంప్యూటర్లో ఒక ఆర్మూర్ ఉంది. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. టవర్లు, మేడలు, రోడ్లు, అన్నీ అచ్చం మా ఊరివే. డిజిటల్ ట్విన్ అంటారు. నిజం టవర్లను ఎలా నడపాలో ముందు ఇందులోనే పరీక్షిస్తాం. అందులో ఏఐ పుట్టించిన మనుషులు ఫోన్లు మాట్లాడుకుంటూ బండ్ల మీద తిరుగుతుంటారు. ఫోన్ ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకోవడాన్ని హ్యాండోవర్ అంటాం. అప్పుడు కాల్ తెగకుండా చూడటం నా కొలువు. ఆ లేని మనుషుల కాల్ ఒక్కటీ తెగేది కాదు. మా మేనేజరు మురిసిపోయేవాడు.

మా అక్కను మెండోర వైపు ఇచ్చాం. పసుపు తవ్వినాక వాళ్ల కాపురం కల్లానికే మారుతుంది. ఉడికించి, ఆరబెట్టి, మార్కెట్‌కు తోలేదాకా తిండీ నిద్రా అక్కడే. చుట్టుపక్కల కల్లాలన్నీ అంతే. కూలీలు, బాయిలర్ వాళ్లు, బేరగాళ్లు, అదొక జాతర.

ఒక ఏడు పసుపు ఉడికించే బాయిలర్ పైపు ఊడి, ఆవిరి అక్క కుడిచేతి మీద కొట్టింది. బావ ఆటోలో ఎక్కించుకుని ఆర్మూర్‌కు బయలుదేరి నాకు ఫోన్ చేశాడు.

"ఏ దవాఖానకు పోవాల్నో జల్ది చెప్పురా!"

కాలిన గాయాలు చూసే డాక్టర్ ఎక్కడున్నాడో చెప్పబోతుంటే కల్లాల మలుపులో కాల్ తెగింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా బావ ఎత్తలేదు. అక్క ఏడుపులో రింగు వినబడలేదట. కనబడ్డ దవాఖానలోకి తీసుకుపోయాడు. అక్కడ డాక్టరే లేడు. వస్తాడు, వస్తాడు అంటూ కూర్చోబెట్టారు. వైద్యం ఆలస్యమైంది. గాయం మానింది కానీ వేళ్లు బిగుసుకుపోయాయి.

"కాల్ కట్ గాకుండ చూసుడే నీ కొలువు గదరా! ఎవ్వలిది చూసినవ్ మరి?" అని బావ అందరి ముందూ అరిచాడు.

ఆఫీసులో తవ్వి చూస్తే సంగతి తెలిసింది. కల్లాల దగ్గరి టవర్ అక్కడి జనం ఫోన్లతో నిండిపోయి ఆటోలోంచి వచ్చిన కాల్‌ని తీసుకోలేదు. ట్విన్‌లో మాత్రం ఆ చోటంతా పచ్చరంగు పూసిన ఖాళీ పొలం.

"పొలాల్లో అంతమంది ఎందుకుంటారు? మీవాళ్లకి ఇళ్లు లేవా?" అని మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు ఇంకా కసి తీరలేదు.

"మీ కూరల పడే పసుపు గా కల్లాలకెల్లే వస్తది సార్, గీ స్క్రీన్‌కెల్లి గాదు!"

గదిలో అందరూ తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. పట్టుబట్టి కల్లాలన్నీ ట్విన్‌లో పెట్టించాను. ఏఐ చేత కల్లం జనాన్ని పుట్టించి, టవర్ నిండేలోపే కాల్ పక్క టవర్‌కు మళ్లేలా మార్చి, నిజం టవర్లలోనూ అదే పెట్టాం.

మరుసటి పసుపు కాలంలో నేనే ఆటో ఎక్కి, ఆ మలుపు తిరుగుతూ అక్కకు ఫోన్ చేశాను. తెగలేదు.

"అక్కా, మలుపు దాటిన. మంచిగ వినబడుతుందా?"

"వినబడుతుంది. ఎడమ చేత్తోని పట్టుకున్న, గుంజుతుంది. పనుంటే చెప్పు, లేకుంటే పెట్టెయ్."

చెప్పడానికి నాకు ఏ పనీ లేదు. ఈసారి కాల్ అక్కే కట్ చేసింది.