అమ్మ మరిచిపోయిన శాపం

అమ్మకు మతిమరుపు జబ్బు ముదిరిన ఏడాదే, మా ఊళ్ళో మూతపడిన పాలడెయిరీ గదుల్లో ఒక సేవాసంస్థ వాళ్ళు ముసలివాళ్ళ కోసం పగటి కేంద్రం తెరిచారు. పొద్దున్నే ఆటోలో తీసుకుపోయి, మధ్యాహ్నం సంగటి పెట్టి, సాయంత్రం ఇంటి దగ్గర దించేవాళ్ళు. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. నేనేమో సోలార్ పార్కులో పలకల కింద గడ్డి కోసే కూలికి పోవాలి. ఒంటరిగా వదిలితే ఆమె పొయ్యి వెలిగించి మరిచిపోయేది. కేంద్రం తెరిచారనగానే నా ప్రాణం కుదుటపడింది.

కానీ ఆ కేంద్రానికి మా పెద్దమ్మ కూడా వస్తోందని తెలిసి భయం వేసింది.

పెద్దమ్మ నాన్నకు వదిన. తోడికోడళ్ళిద్దరూ చాలాకాలం ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళు. పొలాలు సోలార్‌కు ఇచ్చేటప్పుడు హద్దు దగ్గర మాటా మాటా పెరిగింది. అమ్మ వీధిలో నిలబడి, "నీ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోతాది" అని మన్నెత్తి పోసింది. మరుసటి ఏడు పెద్దమ్మ ఒక్కగానొక్క కొడుకు పావగడ రోడ్డులో బైకు మీద నుంచి పడి చనిపోయాడు. చివరిచూపుకు అమ్మ బయల్దేరితే వాళ్ళ వీధి మొగలోనే ఆపి వెనక్కి పంపించారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

మొదటిరోజు నేనే కేంద్రంలో దించడానికి పోతే, అమ్మ నేరుగా పెద్దమ్మ పక్కకు పోయి భుజం తగిలేలా కూర్చుంది.

"అక్కా, పిల్లోడు యాడికి పోయినాడు? సంగటి తిన్నాడా?"

పెద్దమ్మ ముఖం నల్లబడింది. వలుస్తున్న వేరుశనక్కాయల చేట తీసుకుని అవతలి గోడ దగ్గరికి పోయింది. రోజూ ఇదే వరస. అమ్మ వెతుక్కుంటూ పోయి అదే అడిగేది.

ఒకరోజు కూలి పని లేక నేనూ అక్కడే ఉన్నాను, తట్టుకోలేకపోయాను. "అన్న చచ్చిపోయినాడు కదమ్మా. ఎన్నేండ్లయింది!" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. అప్పుడే విన్నట్టుంది ఆ చూపు. నేలమీద కూలబడి గుండెలు బాదుకుంది. "నేనెత్తుకొని తిప్పిన బిడ్డే! మా అక్కకు ఎవరు చెప్తారే? చెప్పొద్దండే, ఆమె తట్టుకోలేదు" అని అక్కడున్నవాళ్ళందరి చేతులూ పట్టుకుంది.

పెద్దమ్మ గోడ దగ్గర నుంచి అంతా చూస్తూ ఉంది.

కేంద్రం నడిపే అమ్మాయి నన్ను బయటికి తీసుకొచ్చింది. "చెప్పొద్దక్కా. మీరు చెప్పినప్పుడల్లా ఆయమ్మకు ఆ పిల్లోడు ఆ పొద్దే చచ్చిపోతాడు."

నేను కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి, పెద్దమ్మ తన కొంగుతో అమ్మ ముఖం తుడుస్తోంది.

కొన్నాళ్ళకు పని తొందరగా అయితే అమ్మను పిలుచుకురావడానికి పోయాను. అమ్మ మళ్ళీ అదే అడుగుతోంది. పెద్దమ్మ కాయలు వలుస్తూనే జవాబు చెప్పింది.

"గొర్రెలు తోలుకొని కొండ పక్కకు పోయినాడు లేమ్మే. వస్తాడు."

"తిన్నాడా?"

"తిన్నాడు. సద్ది కూడా కట్టించినా."

అమ్మ తృప్తిగా తలూపి ఒక కాయ అందుకుంది.

దారిలో పెద్దమ్మను అడిగాను, అట్లా చెప్పాలంటే కష్టంగా లేదా అని. "వాడు పోయినాక నా ముందర వాని మాటెత్తేవాళ్ళే లేరమ్మా. మీ అమ్మొక్కతే అడుగుతాది" అంది.

మరుసటి ఎండాకాలానికి అమ్మ మంచం పట్టింది, మాట పోయింది. సంస్థ అమ్మాయి ఇంటికే వచ్చి, పుండ్లు పడకుండా పక్కకు ఎలా తిప్పాలో నేర్పించింది. మధ్యాహ్నాలు పెద్దమ్మ వచ్చి రాగి గంజి చెంచాతో పట్టేది. అమ్మ అడగకపోయినా, పిల్లోడు ఈ పొద్దు యాడికి పోయినాడో చెప్పేది.

తొలి వాన పడ్డాక అమ్మ పోయింది. చివరి స్నానానికి పెద్దమ్మే ముందుకొచ్చింది. గుంపులో ఒకామె పాత శాపం సంగతి ఎత్తి గొణిగింది. పెద్దమ్మకు వినబడింది. అటు తిరిగి చూడకుండా, అమ్మ పాదాలకు పసుపు రాస్తూ, "నీళ్ళు తోడండి" అంది.