మామ ఏరి తెచ్చిన చేతులు

కృపామణి చాలా ఏళ్లుగా తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. మెదడు, నరాలు ఆమె చదువు. ఏటా జూన్ వచ్చిందంటే ఈసారి ఉంచుతారో పొమ్మంటారో అని గుండెల్లో రాయి పడుతుంది. ఆమె రాసిన పరిశోధన పేపర్లు తొమ్మిది. వాటిలో ఎనిమిదింటిని ఆమె, ఆమె గైడు తప్ప మూడో మనిషి చదివిన దాఖలా లేదు. తొమ్మిదోది మాత్రం దేశదేశాలు తిరిగింది. ఎవరైనా తమ పేపర్లో మన పేపరును ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఉద్యోగాలిచ్చే కమిటీలు ఆ లెక్కే చూస్తాయి. పేపరు చదివే తీరిక వాళ్లకెక్కడిది? ఆ ఒక్కదానికీ వచ్చిన సైటేషన్లు ఆరు వందల పైచిలుకు. దాని చలవతోనే పర్మినెంటు పోస్టుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వయోపరిమితి దాటిపోతోంది కాబట్టి ఇక ఇదే ఆఖరి అవకాశం.

ఆ పేపరు పుట్టింది ఆమె సొంతూరు బంగారుపాళ్యంలో. మామిడి పూత మీద పురుగుమందు కొట్టే కూలీల నరాలకు ఆ మందు వల్ల ఏమైనా అవుతుందా అని చూసింది. చేతి కుదురు తెలియడానికి చిన్న చిన్న పుల్లల్ని చెక్క పలక బెజ్జాల్లో గుచ్చమంది. కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి వాటిని తిరిగి చెప్పమంది. మనుషుల్ని పోగుచేసింది మేనమామ ఏబెల్. ఆయన కూలీల మేస్త్రి, తోటల్లో ఆయన మాటకు ఎదురులేదు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని వచ్చారు. చకచకా పుల్లలు గుచ్చేసి వెళ్లారు. మందు వల్ల చెప్పుకోదగ్గ హాని కనబడలేదని కృపామణి రాసింది. కనబడిందే రాసింది, పాపం.

ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని తెలిసి ఏబెల్ ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించాడు. ప్రార్థన అయ్యాక అందరికీ కాఫీలిచ్చారు. మామ దగ్గర పాత కూలీ మునస్వామి గోడవారగా కూర్చుని గ్లాసును రెండు చేతులా పట్టుకున్నా, కాఫీ పంచె మీదికి ఒలుకుతూనే ఉంది. ఎన్నాళ్ల నుంచి ఇలా అని కృపామణి అడిగింది.

"నువ్వు పలకలు పెట్టి సూసినావే, అంతకు ముందునించే ఉండాది పాపా."

"మరి ఆ పొద్దు యాల రాలేదన్నా?"

"మీ మామ వద్దన్నాడు. చేతులు వణికేవాళ్లమంతా ఇంటికాడనే ఉండిపోతిమి."

ఏబెల్ దాచలేదు సరికదా, గర్వంగా చెప్పుకున్నాడు. చుట్టాలొస్తే పగిలిన గ్లాసులో కాఫీ ఇస్తామా? మేనకోడలు తిరుపతి నుంచి సార్లను వెంటబెట్టుకొస్తే, వాళ్ల ముందర పుల్లలు కింద పడేసేవాళ్లను ఎలా కూర్చోబెట్టడం?

"గట్టి చేతులోళ్లనే ఏరి తెచ్చినానమ్మా. నీకు తలవంపులు కాకూడదని."

మామ మీద కోపం రావాలి. రాలేదు. ఊరు తనది, మనుషులు తనవాళ్లు. వచ్చినవాళ్లను లెక్కపెట్టుకుందే గానీ, ఎవరు రాలేదో ఒక్కసారైనా అడగలేదు. తన చదువు మీదే ఆమెకు అసహ్యం వేసింది.

తిరుపతికి వచ్చి, సైటేషన్ల అంకె కాకుండా వాటిలో ఏముందో మొదటిసారి చదివింది. దాదాపు అన్నింటిదీ ఒకటే మాట: ఈ మందు కొట్టేవారి నరాలకు ప్రమాదం లేదు, చూడుడు కృపామణి. వంద పెరిగినప్పుడల్లా తను స్వీట్లు పంచింది. ఇంటర్వ్యూ అయ్యేదాకా నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆశ ఆమెను చాలా పీడించింది. ఏమీ తెలియనట్టు ఉండిపోదామని ఒకసారి నిర్ణయించుకుంది కూడా. ఆ పూట కాఫీ గ్లాసు అందుకోగానే మునస్వామి పంచె మీది మరకలు గుర్తొచ్చాయి.

చివరికి పేపరును ఉపసంహరించుకుంటున్నానని దాన్ని అచ్చేసిన పత్రికకు రాసింది. ఇంటర్వ్యూలో తనే ఆ మాట చెప్పింది. కమిటీ అధ్యక్షుడు మంచివాడే, ఆమె నిజాయితీని మెచ్చుకున్నాడు. ఆ పేపరు తీసేస్తే చూడడానికి ఇంకేమీ మిగలదని కూడా అన్నాడు. పోస్టు వేరేవాళ్లకు పోయింది. జూన్‌లో కాంట్రాక్టూ పోయింది.

ఆ రోజు ఇళ్లల్లో ఉండిపోయినవాళ్లందరినీ పరీక్షించి, మందు నరాలను దెబ్బతీస్తోందని ఆమె కొత్త పేపరు రాసింది. ఒక చిన్న పత్రిక వేసుకుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఉపసంహరించిన పాతదానికి మాత్రం సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి. దాన్ని ఎవరు ఆపాలో ఆమెకు తెలియలేదు. పాతదాన్ని వేసిన పత్రికకు రాస్తే, ఉపసంహరించినట్టు ప్రకటించాం, మా పని మేం చేశాం అన్నారు.

మళ్లీ మామిడి పూతకొచ్చింది. మునస్వామి ఇక మందు ట్యాంకు మోయలేకపోతే, ఆయన భార్య తిరుమలమ్మ ఆ పనికి పోతోందని తెలిసి కృపామణి పరుగున వెళ్లింది. తోట గట్టు మీద ఆమె చేతులు పట్టుకుని, ఆ మందు మంచిది కాదు, మానెయ్యక్కా అని బతిమాలింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. తిరుమలమ్మ జాలిగా చూసింది.

"నాకూ బయమేసి మందులకొట్లో అడిగినా పాపా. ఏం కాదు, తిరపతిలో మీ ఊరి మేడమే రాసిందన్నారు. నువ్వే గదా?"

చేతులు విడిపించుకుని, ట్యాంకు వీపుకెత్తుకుని, చెట్ల మధ్యకు నడిచింది.