పదో పేరు

ఇరవై ఏళ్లు దాటింది. ఒక మనిషి పేరు నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ప్రమోషన్ వచ్చింది, ఎన్నికలు వచ్చాయి, పదవి వచ్చింది. అసలు అడ్డం నేనేనని ఒప్పుకోవడానికి మాత్రం తల పూర్తిగా నెరిసిపోవాల్సి వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను ఎమ్మిగనూరు వైపు ఒక స్టేషన్లో ఎస్సైని. కొత్త యూనిఫాం, కొత్తగా మెలేసిన మీసం. దగ్గరి పల్లెలో పంచాయతీ ఎన్నికలప్పుడు రెండు వర్గాలు రాళ్లతో, కట్టెలతో కొట్టుకున్నాయి. తలలు పగిలాయి. ఇలాంటప్పుడు మా స్టేషన్లో ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు, కానీ అందరికీ తెలుసు. ఒక వర్గంలో ఎంతమంది మీద రౌడీషీటు తెరిస్తే అవతలి వర్గంలోనూ అంతమంది మీద తెరవాలి. రెండు పక్కలా సమానంగా ఉంటే ఏ నాయకుడూ ఫోన్ చేయడు, ఏ పై అధికారీ ప్రశ్న వేయడు. ఆసారి ఒక పక్క పదిమంది తేలారు. రెండో పక్క ఎంత గాలించినా తొమ్మిదిమందే.

జాబితా పంపాల్సిన రోజు పొద్దున్నే ఈరన్న స్టేషన్‌కు వచ్చాడు. మగ్గం నేసుకునే మనిషి. ఆ పల్లెవాడే గానీ ఏ వర్గంలోనూ లేడు. గొడవ తన ఇంటి ముందే జరిగిందని, మొదటి రాయి ఎవరు విసిరారో చూశానని చెప్పాడు. మేం కబురు పెట్టలేదు. తనంతట తానే వచ్చాడు. ఫ్యాక్షన్ గొడవలో సాక్ష్యం చెబుతానని తనంతట తాను వచ్చినవాణ్ణి అంతకుముందు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆయన పేరు, తండ్రి పేరు, వయసు, ఇంటి గుర్తులు ఒక తెల్లకాగితం మీద నా చేత్తోనే రాసుకున్నాను. టీ కూడా తెప్పించి ఇచ్చాను.

సాయంత్రంలోగా జాబితా పైకి వెళ్లాలి. ఇంకొక్క పేరు కావాలని హెడ్ కానిస్టేబుల్ రెండుసార్లు గుర్తుచేశాడు. బల్ల మీద ఈరన్న కాగితం ఉంది. వివరాలన్నీ వండి వడ్డించినట్టు ఉన్నాయి. ఆయన పిన్నమ్మ కొడుకొకడు ఆ రెండో వర్గంతో తిరుగుతుంటాడు. నాకు ఆ సాకు చాలింది. ఎత్తి రాసేశాను. హెడ్ నా వైపు ఒక్కసారి చూసి, కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన మీద నాకేమైనా కోపమా? లేదు. అదే నన్ను ఎక్కువగా తింటోంది. పగతో చేసుంటే కనీసం ఆ మనిషిని ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్నట్టు ఉండేది, నేను ఆ పాటి కూడా చేయలేదు, ఒక ఖాళీ కనబడితే చేతికి అందినదాన్ని తీసి అందులో కుక్కాను. రెండేళ్లాగి తీసేయిద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు అనుకుంటున్నానా? తెలియదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఈరన్న మగ్గం దిగి స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి. ఎన్నికలొస్తే తహసీల్దారు ముందు నిలబడి, గొడవలు చేయనని పూచీకత్తు రాసివ్వాలి. జాతర రోజున ఊరంతా తేరు చూస్తుంటే ఆయన స్టేషన్ వసారాలో కూర్చోవాలి. ఎమ్మిగనూరుకు కాపురం మార్చుకున్నా షీటు వెంటే వచ్చింది.

నాకు మాత్రం మంచి పేరొచ్చింది. ఎవరికీ కొమ్ముకాయని ఎస్సై అన్నారు. ఆదోనిలో సీఐ అయ్యాను. ఆ పేరు చూసే టికెట్ ఇస్తామన్నారు, ఉద్యోగం వదిలేసి పోటీ చేశాను. ప్రచారంలో ప్రతి సభలోనూ ఆ కథే చెప్పాను. ఇటు పదిమంది, అటు పదిమంది, నా దగ్గర పక్షపాతం లేదు అన్నాను. పత్తి మార్కెట్ హమాలీలు ఈలలు వేశారు. ఎమ్మెల్యేనయ్యాను. ఈరన్న పేరు మెట్టుగా వేసుకుని ఎక్కానని ఆ ఈలల్లో నాకు ఒక్కసారైనా తట్టలేదా? తట్టింది. ఇంకాస్త గట్టిగా మాట్లాడాను.

తర్వాత ఆయనే నా ఆఫీసుకు అర్జీ పట్టుకుని వచ్చాడు. సాక్ష్యం చెబుతానన్నందుకు తన పేరు ఆ గొడవపడ్డవాళ్లే ఇరికించారని నమ్ముతున్నాడు. నేను న్యాయంగలవాణ్ణి కాబట్టి తీసేయిస్తానని వచ్చాడు. నేను ఎస్పీకి ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ అసలెందుకు తెరిచారని ఎస్పీ అడుగుతాడు. ఫైలు తీస్తే నా సంతకం ఉంటుంది. చూస్తానన్నాను. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ అదే చెప్పాను. మూడోసారి తను నేసిన తువ్వాలు నా భుజాల మీద కప్పాడు. సిగ్గులేకుండా ఫొటో కూడా దిగాను.

పోయినేడు ఈరన్న చనిపోయాడు. మరణ ధ్రువపత్రం కోసం కానిస్టేబుల్ వాళ్లింటికి వెళ్లాడు. షీటు మూయడానికి అది కావాలి. అలా మూతబడింది. అప్పటికి నేను మాజీని. పరామర్శకు వెళ్లాను. ఆయన భార్య నరసమ్మ అందరూ వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"సారూ, అప్పుడు ఆ టేసన్లో ఉండింది నువ్వే గదా. మా ఆయప్ప ఏం సేసినాడో నీకు తెలిసే ఉంటాది. నాకు సెప్పు."

"పాత సంగతులమ్మా. ఇప్పుడెందుకు?"

"నేనేం సేయలేదే అనేవాడు. ఊరికే ఎవురన్నా రాస్తారా, నాకాడ దాస్తాండావు అని శానాసార్లు పోట్లాడినా. పోయే ముందురోజు గూడా అడిగినా సారూ. అప్పుడూ అదే మాట సెప్పినాడు."

గుర్తులేదమ్మా అన్నాను.

"సరేలే. ఏదో సేసే ఉంటాడు" అంది.

లేచి వచ్చేశాను. కారెక్కాక ఏడ్చాను. ఆ ఏడుపు ఎవరికి కావాలి? నాకిప్పుడు పోవడానికి పదవి కూడా లేదు. అయినా నిజం చెప్పలేదు. నేను ఆయన ఆదివారాలే తీసుకున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. సొంత ఇంట్లో ఆయన మాటకున్న విలువను కూడా తీసేశానని అప్పుడే తెలిసింది.

ఆమె ఇల్లు మా ఇంటి నుంచి బస్సులో గంట కూడా కాదు. వెళ్లలేదు. పేరు పెట్టకుండా మీకు రాస్తున్నాను. ఇదీ పిరికితనమేనని తెలుసు, క్షమించమని అడగను. కానీ ఆమె అడిగినదానికి జవాబు ఇన్నేళ్లలో మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను, పెడుతుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

నరసమ్మా, ఈరన్న నీకు అబద్ధం చెప్పలేదు. ఆయన ఏమీ చేయలేదు.