ఓనరమ్మ విస్తరి

మా ఓనరమ్మ పోయింది. ఉప్పుగూడలో మేం అద్దెకుండే ఇల్లు ఆవిడదే. పొద్దున్నే పాలవాడు గేటు దగ్గర చెప్పాడు, "అమ్మ లేదక్కా, నిద్రల్నే పోయింది" అని. పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. తర్వాత ఆవిడ విస్తరి దగ్గర జరిగింది చూశాక కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మాకు ఇల్లు దొరకడం గగనమైపోయింది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న, "నాన్‌వెజ్ తింటరా?" ఈవిడ ముందు కూడా బ్రోకరు అదే ఎత్తుకున్నాడు. ఆవిడ విరుచుకుపడింది.

"ఏం తింటరని అడగనీకి నేనేమన్న పోలీసునా? పొయ్యి వాళ్ళది, పొట్ట వాళ్ళది. నడువ్!" నావైపు తిరిగి, "మంచిగేం వండుతవ్ బిడ్డా?" అంది.

నెత్తళ్ళ పులుసు అన్నాను భయంభయంగా. చిన్న ఎండుచేపలని చెప్పాను. "అయితే నాకింత పెట్టు" అని తాళంచెవి చేతిలో పెట్టింది.

పై వాటాలో ఉండే ముస్లిం ఆపా మాంసం వేసి వండే దాల్చా, ఎదురు వాటా మార్వాడీ భాభీ శనగపిండితో చేసే గట్టే కూర, నా పులుసు, అన్నీ ఆవిడకు కావాలి. ఊరికే తినే మనిషి కాదు. ఆదివారం సర్వపిండి చేసేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, చిల్లుకో చుక్క నూనె వేసేది. వేడివేడిగా ఇంటింటికీ తనే తెచ్చేది. ఉప్పెక్కువైందన్నామో, మూతి ముడుచుకునేది.

ఒకసారి భాభీ నా ఎండుచేపల వాసన మీద లొల్లి పెట్టింది. "వాసనొస్తే కిటికీ మూస్కో బిడ్డా. ఆమె పొయ్యి ఆర్పుమనకు" అంది ఓనరమ్మ. భాభీ కొన్నాళ్ళు తలుపూ కిటికీ బిడాయించుకుంది. తర్వాత గట్టే కూర గిన్నెతో తనే దిగొచ్చింది.

మొన్న పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, కాకి ముట్టేదాకా చూడటం ఇక్కడి ఆచారం. ఓనరమ్మ కొడుకు డాబా మీద విస్తరేసి పప్పన్నం, బూరెలు పెట్టించాడు. నేను పులుసు, ఆపా దాల్చా తీసుకెళ్ళాం. అతను అడ్డం నిలబడ్డాడు.

"గివన్ని ఏందక్కా? చుట్టాలు చూస్తుండ్రు. ఇజ్జత్ పోతది."

"అమ్మకేం ఇష్టమో నువ్వే చెప్పు తమ్ముడూ."

అతను చుట్టాల వైపు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా తిండికి ఆవిడ ఏనాడూ అడ్డం రాలేదు. ఆవిడ తిండికి అడ్డం రావడానికి నువ్వెవరివయ్యా?" అన్నాను అందరి ముందే.  

ఇంతలో భాభీ వచ్చింది. గట్టే కూర వడ్డించి, చేపను కంటితో చూడలేని ఆ మనిషి, నా చేతిలో గిన్నె లాక్కుని పులుసు కూడా తనే వడ్డించింది. "మాజీకో యే బహుత్ పసంద్ థా, అమ్మకిదంటే ఎంతో ఇష్టం" అంది, కొంగుతో ముక్కు మూసుకునే. ఆపా దాల్చా పోసింది.

కాకి రాలేదు. "ఆ చేపలు తీసేస్తే వస్తదేమో" అని చుట్టాలు గొణిగారు. మేం ముగ్గురం విస్తరి ఎదుట చతికిలబడ్డాం. తీయమంటే తీయం.

అంతలో పిట్టగోడ మీద పిల్లి కనబడింది. నెత్తళ్ళ వాసన పట్టేసింది, దొంగముఖంది. మేం లేచేలోపే ఓనరమ్మ కొడుకు కర్ర అందుకున్నాడు. "హుష్! పో! మా అమ్మదిది!" అని అరిచాడు. ఆ తర్వాత అతను కూర్చోలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఒట్టికాళ్ళు కాలుతుంటే మార్చి మార్చి వేస్తూ, విస్తరి పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డాడు.